ఎండాకాలపు క్షేత్రపరిశోధనలో కెమెరా లెన్సుల అరుగుదల: శాసన, తాళపత్ర చిత్రీకరణల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు శాసనాలు, తాళపత్రాలు, జానపద కళారూపాలపై జరిగే క్షేత్రపరిశోధనలో అధికభాగం వేసవి సెలవుల్లోనే సాగుతుంది. ఆ రోజుల్లో తీసుకున్న ఛాయాచిత్రమే చాలా సందర్భాల్లో తరువాతి పాఠనిర్ణయానికి ఆధారమవుతుంది. ఆ చిత్రాన్ని రూపొందించే లెన్స్ వేడికి ఎక్కడ, ఎలా దెబ్బతింటుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఎండవేడికి గాజు కంటే ముందుగా గ్రీజు, జిగురు, రబ్బరు వంటి మెత్తని భాగాలు పాడవుతాయని, ఎండ మొదలుపెట్టిన నష్టాన్ని దుమ్ము, తేమ, తప్పుడు తుడుపు పూర్తిచేస్తాయని ఇందులో నిరూపితమవుతుంది. లెన్స్ లోపం శాసనాక్షరాన్ని చదవడంలో ఎటువంటి భ్రమకు దారితీస్తుందో చర్చించి, పరిశోధకులు పాటించదగిన పరీక్షలను, జాగ్రత్తలను సూచించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: లెన్స్, కటకం, ఉష్ణ వ్యాకోచం, బూజు, క్షేత్రపరిశోధన, శాసనాలు, తాళపత్రాలు, పాఠనిర్ణయం.

1. ప్రవేశిక

విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు వేసవి సెలవులు రావడంతో పరిశోధకులు ఊళ్లకు బయలుదేరుతారు. పంటలు ఇంటికి చేరి, పొలాలు ఖాళీగా ఉండడం వల్ల గట్ల మీది శాసనస్తంభాల దగ్గరకు నడిచి వెళ్లడం తేలిక. తుప్పలు ఎండి బండల మీది అక్షరాలు బయటపడతాయి. జాతరలు, తిరునాళ్లు కూడా చాలాచోట్ల ఈ రోజుల్లోనే జరుగుతాయి. ఇన్ని అనుకూలతలు ఉన్న కాలమే తెలుగునేలపై ఎండ అత్యంత తీవ్రంగా ఉండే కాలం. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు అరుదు కావు. భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే దాన్ని వడగాలిగా పరిగణిస్తుంది. మరోవైపు ప్రముఖ సంస్థల కెమెరాల వెంట వచ్చే సూచన పుస్తకాల్లో పనిచేసే ఉష్ణోగ్రత సాధారణంగా 0 నుంచి 40 డిగ్రీల వరకు అని ఉంటుంది. అంటే మన పరిశోధకుడు పరికరాన్ని దాని తయారీదారు గీసిన హద్దు దాటించి వాడుతున్నాడు.

శాసనాల విషయంలో అచ్చుతీత, అంటే తడికాగితాన్ని రాతిపై అద్ది సిరాతో ప్రతిబింబం తీసే పద్ధతి, ఇప్పటికీ ప్రామాణికమైనదే. అయితే అందుకు కావలసిన శిక్షణ, సామగ్రి భాషాసాహిత్య పరిశోధకులందరికీ అందుబాటులో లేవు. తాళపత్రాలను భాండాగారం దాటించి తీసుకువెళ్లే వీలు లేదు. కాబట్టి ఛాయాచిత్రమే పరిశోధకునికి మిగిలే సాక్ష్యం. ఆ సాక్ష్యం విలువ లెన్స్ స్థితిపై ఆధారపడి ఉంటుంది.

2. లెన్స్ నిర్మాణం

వాడుకలో ‘లెన్స్’ అనే మాట కెమెరా ముందు బిగించే గొట్టం మొత్తానికి చెల్లుతుంది. ఆ గొట్టంలో అమర్చిన ఒక్కొక్క గాజుబిళ్లను ఈ వ్యాసంలో ‘కటకం’ అని వ్యవహరించడం జరిగింది. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల సాధారణ లెన్సులో ఆరేడు కటకాలు ఉంటాయి. జూమ్ లెన్సుల్లో పది నుంచి ఇరవై వరకు ఉండవచ్చు. వీటిలో కొన్ని జంటలుగా జిగురుతో అతికి ఉంటాయి. ప్రతి కటకం ఉపరితలంపై కాంతి పరావర్తనాన్ని తగ్గించే పలుచని పూత ఉంటుంది. కటకాలను అల్యూమినియం, ఇత్తడి లేదా ప్లాస్టిక్ కట్లు పట్టి ఉంచుతాయి. దృశ్యాన్ని స్పష్టపరచడానికి తిప్పే వలయం సన్నని మరలపై జారుతుంది. ఆ మరలకు గ్రీజు ఉంటుంది. మధ్యలో కాంతి పరిమాణాన్ని నియంత్రించే అపెర్చర్ రేకులు ఉంటాయి. పైన పట్టుకోసం రబ్బరు తొడుగు ఉంటుంది.

ఈ భాగాలన్నీ వేడికి ఒకే విధంగా స్పందించవు. గాజు కరిగేటంత వేడి మన వేసవిలో ఎన్నటికీ రాదు. గ్రీజు పలచబడడానికి, రబ్బరు సాగడానికి, ప్లాస్టిక్ వ్యాకోచించడానికి మాత్రం ఆ వేడి చాలు. ‘గాజుకేం అవుతుంది?’ అనే ధీమా పొరపాటుకు దారితీసేది ఈ కారణంగానే.

3. వేడి వల్ల కలిగే మార్పులు

3.1 వ్యాకోచం: ఒక డిగ్రీ వేడి పెరిగినప్పుడు అల్యూమినియం తన పొడవులో పది లక్షలకు సుమారు 23 వంతులు పెరుగుతుంది. ఇత్తడి 19 వంతులు, కటకాలకు విరివిగా వాడే గాజు 7 వంతులు పెరుగుతాయి. పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్ 65 నుంచి 70 వంతుల వరకు పెరుగుతుంది. ఈ లెక్కను ఒక సందర్భానికి అన్వయిస్తే విషయం తేటపడుతుంది. 25 డిగ్రీల గదిలో ఉన్న లెన్స్ ఎండలో 65 డిగ్రీలకు చేరిందనుకుంటే, 100 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం 0.09 మి.మీ. పొడవు పెరుగుతుంది. 50 మి.మీ. వ్యాసం గల గాజు కటకం 0.014 మి.మీ. పెరిగితే, దాన్ని పట్టి ఉంచే అల్యూమినియం కట్టు 0.046 మి.మీ. పెరుగుతుంది. కట్టుకు, కటకానికి మధ్య 0.03 మి.మీ. తేడా వస్తుంది. చల్లబడినప్పుడు కట్టు మళ్లీ బిగుస్తుంది.

తయారీదారులు ఈ తేడాకు కొంత చోటు ఉంచే రూపకల్పన చేస్తారు. అందువల్ల ఒక్కరోజు ఎండకు లెన్స్ పాడైపోదు. ఏళ్ల తరబడి ప్రతి వేసవిలో ఇదే సాగుతూ, దానికి బస్సు ప్రయాణాల కుదుపులు తోడైతే కటకం తన అక్షం నుంచి పిసరంత పక్కకు జరిగే అవకాశం ఏర్పడుతుంది. అప్పుడు చిత్రంలో ఒక పక్క స్పష్టంగా, మరొక పక్క మసకగా వస్తుంది. దూరపు దృశ్యాలకు వాడే పెద్ద టెలిఫోటో లెన్సుల్లో అనంత దూరపు గుర్తు దాటి కూడా వలయం తిరిగే ఏర్పాటు ఉండడానికి కారణం ఈ ఉష్ణ వ్యాకోచమే. కెనాన్ సంస్థ తన పెద్ద టెలిఫోటో లెన్సులకు తెల్లరంగు వేయడం కూడా ఎండను తిప్పికొట్టడానికే. ఆ లెన్సుల్లో కొన్నింటిలో వాడే ఫ్లోరైట్ స్ఫటికం సాధారణ గాజు కంటే రెట్టింపునకు పైగా వ్యాకోచిస్తుంది.

3.2 గ్రీజు, నూనె: ఎండలో లెన్సుకు కలిగే నష్టాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వేడికి గ్రీజు పలచబడి, అందులోని నూనె విడిపోయి మెల్లగా పాకుతుంది. అది అపెర్చర్ రేకులను చేరితే రేకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. నేటి కెమెరాలలో అనేకం చిత్రం తీసే క్షణం వరకు రేకులను పూర్తిగా తెరిచి ఉంచి, మీట నొక్కగానే కోరిన మేరకు మూస్తాయి. నూనె అంటిన రేకులు సకాలంలో మూసుకోవు. ఫలితంగా చిత్రం వెలిసిపోయినట్లు వస్తుంది. పరిశోధకుడు దానిని ఎండ ఎక్కువై వచ్చిన లోపంగా భావించడం సహజం. నూనెలో ఆవిరయ్యే అంశం లోపలి కటకాలపై పలుచని పొరగా పేరుకుంటుంది. ఆ మసక బయట తుడిస్తే పోయేది కాదు. నూనె పోయిన తరువాత మిగిలిన గ్రీజు గట్టిపడడం వల్ల వలయం తిప్పడానికి బరువుగా ఉంటుంది.

3.3 అతుకు జిగురు: పాత లెన్సుల్లో జంట కటకాలను కెనడా బాల్సమ్ అనే చెట్టుబంకతో అతికేవారు. అది పారదర్శకమైనదే కాని వేడికి మెత్తబడుతుంది, కాలక్రమంలో పసుపురంగుకు మారుతుంది. అతుకు విడినచోట అంచువెంట ఇంద్రధనుస్సు రంగుల వలయం కనిపిస్తుంది. అతినీలలోహిత కాంతితో గట్టిపడే కృత్రిమ జిగుర్లు వాడే నేటి లెన్సుల్లో ఈ ఇబ్బంది బాగా తగ్గింది. గ్రంథాలయాల్లో, విభాగాల బీరువాల్లో ఉన్న పాత లెన్సులను ఈ దృష్టితో పరీక్షించాలి.

3.4 రబ్బరు, ప్లాస్టిక్, సెల్‌ఫోన్: వేడికి రబ్బరు తొడుగు సాగి వదులవుతుంది, కొన్నింటిలో జిగట తేలుతుంది. ఇది చిత్రనాణ్యతను తగ్గించదు కాని వలయం మీద పట్టు తప్పిస్తుంది. సెల్‌ఫోన్ సంగతి వేరు. దాని లోపలి కటకాలు చాలావరకు ప్లాస్టిక్‌వి. ఆపిల్ సంస్థ ఐఫోన్ వాడకానికి సూచించిన పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపే. మోటారుసైకిల్ హ్యాండిల్‌కు బిగించిన ఫోన్‌లో ఇంజను ప్రకంపనల వల్ల చిత్రాన్ని నిలకడగా ఉంచే యంత్రాంగం దెబ్బతినవచ్చునని అదే సంస్థ 2021లో హెచ్చరించింది. దారి చూపడానికి ఫోన్‌ను ఎండలో హ్యాండిల్‌కు తగిలించి, ఊరు చేరాక దానితోనే శాసనాన్ని చిత్రించే పరిశోధకులు ఈ రెండు విషయాలను గుర్తుంచుకోవాలి.

4. మూసి ఉన్న వాహనం, సూటిగా పడే ఎండ

లెన్స్ అత్యధిక వేడికి గురయ్యేది చిత్రాలు తీసేటప్పుడు కాదు, తీయకుండా పక్కన పెట్టినప్పుడు. ఎండలో నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత గంట వ్యవధిలో సగటున 22 డిగ్రీలు పెరుగుతుందని, అందులో అధికభాగం మొదటి అరగంటలోనే పెరుగుతుందని అమెరికాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. ఆ లెక్కన 42 డిగ్రీల ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుందని అంచనా వేయవచ్చు. భోజనానికి వెళ్లిన గంటసేపు కెమెరా సంచిని కారులో వదలడం, ఉదయమంతా పని చేయించిన దానికంటే ఎక్కువ హాని చేస్తుంది. మధ్యాహ్నపు బండరాయి మీద కెమెరాను నేరుగా పెట్టడం కూడా ఇటువంటిదే.

మరొక ప్రమాదం లెన్స్ భూతద్దంగా మారడం. 50 మి.మీ. లెన్స్ సూర్యబింబాన్ని 0.47 మి.మీ. వ్యాసం గల చుక్కగా కుదిస్తుంది. ఎఫ్/1.8 వద్ద ఆ లెన్స్ ద్వారం వ్యాసం సుమారు 28 మి.మీ. ఈ రెండు వైశాల్యాల నిష్పత్తిని బట్టి, గాజులో పోయే కాంతిని పక్కన పెడితే, ఆ చుక్క మీద ఎండ తీవ్రత 3,500 రెట్లు అవుతుంది. మూత లేకుండా ఆకాశంవైపు ముఖం పెట్టి ఉంచిన లెన్సులో ఆ చుక్క లోపలి రేకులపైనో, ప్లాస్టిక్ భాగాలపైనో పడవచ్చు. అద్దం లేని కొత్త తరం కెమెరాల్లో అది నేరుగా చిత్రగ్రాహక ఫలకాన్నే చేరవచ్చు. గోపుర శిఖరాన్ని చిత్రించడానికి త్రిపాది మీద కెమెరాను పైకి ఎత్తి, నీడకు వెళ్లి కూర్చునే అలవాటు మానుకోవలసినది ఇందుకే. మూత పెట్టడానికి పట్టే కాలం రెండు క్షణాలు.

5. దుమ్ము, చెమట, తుడుపు

కటకాలపై పూత ఎండకు రాలిపోతుందన్న అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉంది. దీనికి ఆధారం లేదు. ఈ పూతలకు మూలమైన పద్ధతిని 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా రూపొందించాడు. మెగ్నీషియం ఫ్లోరైడ్‌ను శూన్యంలో ఆవిరి చేసి, వందల డిగ్రీలకు వేడిచేసిన గాజుపై పూయడం వల్ల గట్టి పూత ఏర్పడుతుంది. అంత వేడిలో పుట్టిన పూతను మే నెల ఎండ ఊడదీయలేదు.

పూతను పాడుచేసేది తుడుపు. దాని మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. వేసవి గాలిలోని దుమ్ములో ఇసుకరేణువులు ఉంటాయి. మోస్ కాఠిన్య కొలమానం మీద ఇసుకలోని క్వార్ట్జ్ 7వ స్థానంలో ఉండగా కటకపు గాజు ఇంచుమించు 6 దగ్గర ఉంటుంది. అంటే ఇసుకరేణువు గాజును గీయగలదు. చెమట పట్టిన చేతితో, కండువా అంచుతో, చీరకొంగుతో లెన్స్ ముఖాన్ని రుద్దడం గరుకు కాగితంతో రుద్దడం వంటిదే. పూత లేని గాజు ఒక్కొక్క ఉపరితలం వద్ద సుమారు 4 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. పది ఉపరితలాలు ఉన్న లెన్సుకు పూతే లేకపోతే మూడోవంతు కాంతి దారి తప్పుతుంది. ఆ దారితప్పిన కాంతిలో కొంత చిత్రమంతటా తెల్లని తెరలా పరుచుకుంటుంది.

తాళపత్ర భాండాగారాల్లో మరొక చిక్కు ఉంది. పురుగు పట్టకుండా ఆకులకు నిమ్మగడ్డి నూనె పూయడం, బీరువాల్లో కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు ఉంచడం ఆచారం. ఆకును తిప్పిన వేళ్ల నూనె లెన్సుకు అంటుతుంది. నాఫ్తలీన్, కర్పూరాల దగ్గర కెమెరాలను, లెన్సులను భద్రపరచరాదని తయారీదారుల సూచన పుస్తకాలు చెబుతున్నాయి. గ్రంథానికి రక్ష అయినది లెన్సుకు హాని చేస్తుందన్నమాట. ఆకు తిప్పేవారు, కెమెరా పట్టేవారు వేర్వేరుగా ఉండడం ఉత్తమం.

6. తేమ: రెండు ప్రాంతాలు, రెండు పద్ధతులు

ఎండాకాలపు తేమ విషయంలో తెలుగునేలంతటికీ ఒకే సూత్రం చెల్లదు. గాలిలోని ఆవిరి నీటిబొట్టుగా మారే ఉష్ణోగ్రతను తుషార బిందువు అంటారు. కోస్తాలో 35 డిగ్రీల వేడి, 60 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న రోజున తుషార బిందువు సుమారు 26 డిగ్రీలు. శీతలీకరించిన 22 డిగ్రీల గది నుంచి మచిలీపట్నం వీధిలోకి తెచ్చిన లెన్సుపై అందువల్లనే వెంటనే చెమ్మ పడుతుంది. రామగుండంలో 43 డిగ్రీల వేడి, 20 శాతం ఆర్ద్రత ఉన్న రోజున తుషార బిందువు సుమారు 15 డిగ్రీలు. అదే గది నుంచి అక్కడికి తెచ్చిన లెన్సుపై చెమ్మ పట్టదు. ఉత్తర తెలంగాణలో పనిచేసిన అనుభవంతో కోస్తాకు వెళ్లిన పరిశోధకుడు ఈ తేడాను గమనించకపోతే, పైకి కనిపించే చెమ్మను తుడిచి ఊరుకుంటాడు. లోపలి కటకాలపై పడిన చెమ్మ అలాగే ఉంటుంది.

బూజుకు బీజం ఇక్కడే పడుతుంది. సాపేక్ష ఆర్ద్రత 60, 65 శాతానికి పైగా చాలాకాలం నిలిచిన చోట బూజు పెరుగుతుంది. దుమ్ము, వేలిముద్రల జిడ్డు, పాకిన నూనె దానికి ఆహారం. వేసవిలో లోపలికి చేరిన దుమ్ము, విడిపోయిన నూనె జూన్ తొలకరి వరకు ఆగి, వానల తేమ తగలగానే బూజుకు పొలంగా మారతాయి. బూజు స్రవించే ఆమ్లాలు పూతను, ఆపై గాజును తినివేస్తాయి. శుభ్రపరిచిన తరువాత కూడా ఆ మచ్చలు పోవు. వేసవిలో మొదలైన అరుగుదల వర్షాకాలంలో గాని కంటపడకపోవడం వల్ల అసలు కారణం మరుగున పడుతుంది.

బియ్యం, పప్పులు, పాతపుస్తకాలు ఎండలో పెట్టి బూజు పోగొట్టడం మన ఇళ్లలో పరంపరగా వస్తున్న పద్ధతి. అదే తీరున బూజు పట్టిన లెన్సును ఎండలో ఉంచేవారున్నారు. ఎండ బూజు పెరుగుదలను కొంత అడ్డుకోవచ్చు. పట్టిన మచ్చలు దానివల్ల పోవు, గ్రీజు మాత్రం కరుగుతుంది. అలాగే వేసవి ఉపశమనానికి వాడే ఎయిర్ కూలర్ నీటి ఆవిరితో గదిని చల్లబరుస్తుంది. దాని ఎదుట అలమరలో ఉంచిన లెన్సుకు ఎండాకాలంలోనే వర్షాకాలం వస్తుంది. కెమెరా సంచికి తడిగుడ్డ చుట్టడం కూడా తగదు.

7. పాఠనిర్ణయంపై ప్రభావం

లెన్స్ అరుగుదల ఒక్కసారిగా చిత్రాన్ని చెరిపివేస్తే పరిశోధకుడు వెంటనే గుర్తిస్తాడు. చిక్కంతా అది కొద్దికొద్దిగా సాగడంలో ఉంది. మసక పట్టిన లెన్స్ చీకటిభాగాల్లోకి అదనపు కాంతిని చేరుస్తుంది. ఉదాహరణకు రాతి ఉపరితలం 100 పాళ్లు, అక్షరపు గాడి 80 పాళ్లు కాంతిని పంపుతున్నాయనుకుందాం. రెండింటి మొత్తంలో వాటి తేడా 11 శాతం. మసక వల్ల రెండింటికీ మరో 50 పాళ్లు చేరితే అవి 150, 130 అవుతాయి. తేడా 7 శాతానికి పడిపోతుంది. లోతైన అక్షరానికి దీనివల్ల నష్టం లేదు. అరిగిపోయిన అక్షరం రాతిలో కలిసిపోతుంది. కంప్యూటరులో వెలుగునీడల తేడా పెంచితే అక్షరంతోపాటు రాతి గరుకుదనం కూడా పెరుగుతుంది. అది అక్షరభాగమో, రాతి గీతో తేల్చడం మరింత కష్టమవుతుంది.

తెలుగు లిపిలో చిన్న గుర్తుకు ఉన్న విలువ తెలిసినదే. ‘ధ’కు, ‘థ’కు మధ్య తేడా నడుమనున్న చుక్క. హల్లుపై దీర్ఘచిహ్నం కొన కనిపించకపోతే మాత్ర తగ్గుతుంది. కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గరి బొమ్మలగుట్ట శాసనాన్ని ఇక్కడ ప్రస్తావించవచ్చు. పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దిలో వేయించిన ఈ శిలాశాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో ఉంది. ఇందులోని మూడు తెలుగు కందపద్యాలు నన్నయకు పూర్వపు పద్యరచనకు సాక్ష్యాలు. కందంలో ప్రతి గణమూ నాలుగు మాత్రలది కాబట్టి ఒక దీర్ఘం జారితే గణం చెడుతుంది, చదువరి అప్రమత్తుడవుతాడు. ఇది ఛందస్సు ఇచ్చే రక్షణ. ఇందులోనే మరొక ప్రమాదమూ ఉంది. చిత్రంలో కనిపించని దీర్ఘాన్ని ఛందస్సును బట్టి పూరించి, రాతిమీద కనిపించినట్లే నమోదు చేసే అవకాశం ఉంది. అప్పుడు శాసనపాఠానికీ, పరిష్కర్త ఊహకూ మధ్య గీత చెరిగిపోతుంది. కడప ప్రాంతపు కలమళ్ల శాసనం వంటి ప్రాచీన గద్యశాసనాలకు ఛందోరక్షణ కూడా లేదు. అక్కడ కంటికి కనిపించిన గీతే ఆధారం.

ఎండాకాలపు మసకలన్నీ లెన్స్ లోపాలు కావన్నది గమనించాలి. కాగిన నేల మీది గాలి కదలికల వల్ల కాంతి వంకరపోతుంది. నడిఎండలో దూరపు గుట్ట మీది శిల్పాన్ని టెలిఫోటో లెన్సుతో తీస్తే అంచులు అలలుగా వస్తాయి. ఈ రెంటినీ వేరుచేయడానికి తేలికైన మార్గం ఉంది. త్రిపాదిపై ఉంచి ఒకే దృశ్యాన్ని పదిసార్లు తీయాలి. మసక ప్రతి చిత్రంలో చోటు మారితే అది గాలి చేసిన పని. ఒకే మూల ఒకే తీరున ఉంటే లోపం లెన్సుది.

8. పరీక్షలు, జాగ్రత్తలు

క్షేత్రానికి బయలుదేరే ముందు, తిరిగి వచ్చిన తరువాత మూడు పరీక్షలు చేయడం మంచిది. మొదటిది, తెలుగు దినపత్రిక పుటను గోడకు చదునుగా అంటించి త్రిపాదిపై నుంచి ఒకే దూరంలో చిత్రించి, నడుమ, నాలుగు మూలల అక్షరాలను పోల్చడం. సన్నని అక్షరాల ఒత్తులు, సున్నలు ఇందుకు మంచి కొలబద్దలు. రెండవది, చీకటిగదిలో లెన్స్ వెనుక నుంచి టార్చి వేసి ముందునుంచి ఏటవాలుగా చూడడం. నూనెమసక పొగలా, బూజు సాలెగూడులా కనిపిస్తాయి. మూడవది, ఎఫ్/16 వద్ద ఒకే వెలుగులో పది చిత్రాలను వరుసగా తీయడం. వాటి వెలుగులో హెచ్చుతగ్గులుంటే రేకులు అంటుకుంటున్నాయని అర్థం. ఈ పరీక్షాచిత్రాలను తేదీతో భద్రపరిస్తే, తరువాతి కాలంలో ఏదైనా పాఠంపై సందేహం వచ్చినప్పుడు అవి సాక్ష్యంగా నిలుస్తాయి.

పనివేళల విషయంలో శాసనపరిశోధనకు ఒక సౌలభ్యం ఉంది. అక్షరపు గాడిలో నీడ నిలవాలంటే వెలుగు ఏటవాలుగా పడాలి. ఆ వెలుగు ఉదయం, సాయంత్రం వేళల్లో లభిస్తుంది. లెన్సుకు మేలైన వేళలూ అవే. నడిమధ్యాహ్నపు ఎండలో అక్షరమూ కనిపించదు, పరికరమూ నిలవదు. కాబట్టి పదకొండు నుంచి నాలుగు గంటల మధ్యకాలాన్ని గ్రామస్థులతో మాట్లాడడానికి, రాతప్రతుల పరిశీలనకు వినియోగించడం ఉచితం.

తాళపత్రాలను చిత్రించేవారు ఉదయం వలయాన్ని సరిచేసి, కదలకుండా టేపు అంటించి సాయంత్రం వరకు పని సాగిస్తారు. చల్లదనం లేని గదిలో వేడి పెరిగేకొద్దీ స్పష్టతాస్థానం కొంత జరుగుతుంది. ఎఫ్/8 వద్ద ఆ తేడా సాధారణంగా కంటికి ఆనదు, ఎఫ్/2.8 వద్ద ఆనే అవకాశం ఉంది. రెండు గంటలకొకసారి స్పష్టతను సరిచూసుకుంటే సరిపోతుంది.

ప్రయాణంలో సంచికి తెల్లని నూలుగుడ్డ కప్పాలి. చల్లని గది నుంచి కోస్తా గాలిలోకి తెచ్చేటప్పుడు లెన్సును గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో మూసి, బయటి వేడికి సమానమయ్యాక తెరవాలి. దుమ్మును ముందు గాలితిత్తితో ఊది, తరువాత మెత్తని కుంచెతో దులిపి, చివర మాత్రమే శుభ్రమైన సన్ననూలు గుడ్డతో తుడవాలి. భద్రపరిచే చోట ఆర్ద్రత 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. సిలికాజెల్ పొట్లాలు అందుకు ఉపకరిస్తాయి. వాటిని ఎప్పటికప్పుడు వేడిచేసి ఆరబెట్టకపోతే ప్రయోజనం ఉండదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఎండవేడికి కటకపు గాజు, పూత చెడడం అరుదు. గ్రీజు, అతుకు జిగురు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ముందుగా దెబ్బతింటాయి.

2. చిత్రీకరణ సమయం కంటే మూసిన వాహనంలో, మూతలేని స్థితిలో వదిలిన సమయమే లెన్సుకు ఎక్కువ ప్రమాదకరం.

3. వేసవిలో చేరిన దుమ్ము, నూనె వర్షాకాలపు తేమతో బూజుగా పరిణమిస్తాయి. కాబట్టి లెన్స్ శుభ్రత తొలకరికి ముందే జరగాలి.

4. కోస్తాకు, తెలంగాణ పీఠభూమికి వేర్వేరు జాగ్రత్తలు అవసరం.

5. లెన్స్ మసక అరిగిన అక్షరాలను ముందుగా మింగుతుంది. పాఠవివాదాలకు మూలమయ్యేవి తరచుగా ఆ అక్షరాలే.

సిద్ధాంత గ్రంథాల్లో శాసనపు కొలతలు, లిపి, భాష, కాలం నమోదు చేసే సంప్రదాయం ఉంది. చిత్రం ఏ వేళ, ఏ వెలుగులో, ఏ లెన్సుతో, ఆ లెన్స్ ఏ స్థితిలో ఉండగా తీసినదో ఆ వివరాల పక్కన ఒక పంక్తి చేర్చడం కష్టం కాదు. చిత్రంలో కనిపించని అక్షరాన్ని కుండలీకరణాల్లో చూపడం పాఠపరిష్కర్త ధర్మమైనట్లే, అది రాతిమీద లేకపోయిందో, లెన్స్ చూపలేకపోయిందో చెప్పగలగడం కూడా అతని ధర్మమే. రాయి వాననీటికి, గనుల తవ్వకానికి లోనై నానాటికీ అరుగుతున్న స్థితిలో కొన్ని శాసనాలకు ఈనాటి ఛాయాచిత్రమే రేపటి మూలప్రతి కానుంది.